పాతర మూత

ధాత నామ సంవత్సరంలో వచ్చిన కరువు మా ఊళ్లో సగం పొయ్యిలు ఆర్పేసింది. మరుసటి ఏడు చిత్త కార్తెలో ఉదయగిరి కొండ మీద మబ్బు దిగి, మూడు రోజులు వదలకుండా కురిసింది. ఊరంతా ఏడుస్తూ నవ్వింది. నాకు మాత్రం ఆ వానతోనే భయం పట్టుకుంది. నేలలో తడి పదును ఆరేలోగా విత్తనం పడాలి. విత్తనం కావాలంటే మా కొట్టంలో గింజలు దాచిన నేలగొయ్యి, ఆ పాతర తెరవాలి.

ఆ పాతర ఎప్పుడో ఖాళీ అయిందని ఊరంతా నమ్మింది. నమ్మించింది మా అత్త నాగులమ్మ. విత్తనం తిన్న ఇల్లు మళ్లీ లేవదని ఆమె పట్టు. మమ్మల్నీ ఒక్క గింజ ముట్టనివ్వలేదు. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు గాని, బలుసాకు తిని బతకడం ఎంత కష్టమో ఆ ఏడు తెలిసింది.

వేసవిలో పక్కింటి మునెయ్య వచ్చాడు. జబ్బుపడిన కూతురికి గంజి కాయాలని గుప్పెడు జొన్నలు అడిగాడు. అత్త అప్పుడు ఇంట్లో లేదు. లేవన్నది నేనే. నాలుగో రోజున ఆ పిల్ల పోయింది.

పాతర మూత తీశాక పొద్దంతా అలాగే వదిలెయ్యాలి. తర్వాత దీపం దించి చూడాలి. దీపం ఆరితే మనిషి దిగకూడదు. మూసిపెట్టిన గింజల ఆవిరి ప్రాణం తీస్తుందని మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు. కానీ పొద్దంతా తెరిచి ఉంచితే ఆ మగ్గిన గింజల వాసన ఊరి చివరిదాకా పోతుంది. ఆకలి మీదున్న ఊరు మా మీద పడుతుందని మా భయం.

"తలుపేసుకుని బిరబిరా తోడేద్దాం," అన్నాడు మా ఆయన మాలకొండయ్య. మూత పక్కకు జరిపి, కాసేపు కూడా ఆగకుండా, మోకు పట్టుకుని దిగాడు. ఒక గంప పైకి వచ్చింది. రెండో గంప రాలేదు.

"ఏందయ్యా, పలకవేంది?" అన్నాను.

దీపం వెలిగించి తాడుతో దించాను. సగం లోతు పోకుండానే ఆరిపోయింది. ఆరే ముందు ఆ వెలుగులోనే కింద జొన్నల మీద ఆయన వెల్లకిలా పడి ఉండటం కనిపించింది.

అత్త నా చెయ్యి పట్టుకుంది. "అరవబాకే. ఊరంతా వచ్చి ఊడ్చుకుపోతాది. మనమే లాగుదాం."

ఏం పట్టుకుని లాగాలి? మోకు ఆయన నడుముకు లేదు. మా ఇద్దరి ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. మొగుడా, విత్తనమా అని నేను ఆలోచించాను. ఎంతసేపో చెప్పలేను, ఆలోచించిన మాట మాత్రం నిజం. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. తర్వాత తలుపు తీసి మునెయ్యను కేకేశాను.

అతను వస్తూనే సంగతి గ్రహించాడు. గొంగళి తడిపి పాతర నోట్లో పైకీ కిందికీ విసిరి గాలి ఆడించాడు. ఊపిరి బిగబట్టి దిగి, ఆయన చంకల కింద మోకు కట్టి పైకి వచ్చాడు. ముగ్గురం కలిసి లాగాం. చాలాసేపటికి మా ఆయన దగ్గాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

అప్పటికే గుమ్మం బయట జనం చేరారు. మునెయ్య తలుపు దగ్గరకు వెళ్లాడు. అయిపోయింది మా పని అనుకున్నాను.

"ఏం లేదులే. మా అన్నకు మూర్ఛొచ్చినాది, లేచినాడు. పోండి," అని వాళ్లను పంపేసి తలుపు మూశాడు. నా వైపు తిరిగాడు. "వొదినా, నేనడిగిన నాడు ఇయి ఉండినాయా?"

అత్త ఏదో అనబోయింది. "ఉండినాయి," అన్నాను.

కొడతాడనుకున్నాను. ఊరిని పిలుస్తాడనుకున్నాను. అతను మోకాళ్లకు అంటుకున్న జొన్నగింజలను ఒక్కొక్కటే ఊడదీసి మా గంపలో వేసి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

తెల్లవారి రెండు కుంచాల జొన్నలు అతని ఇంటికి మోసుకెళ్లాను. తీసుకున్నాడు. అదే పదునులో మా చేనూ అతని చేనూ విత్తాం, రెండూ పండాయి. ఇప్పటికీ కోతలకొస్తాడు, మా ఇంట చావైతే వస్తాడు, పిలిస్తే చాలు వస్తాడు. ఎండన పడి వచ్చాడని ప్రతిసారీ చెంబుతో నీళ్లు అందిస్తాను.

"దాహం లేదు వొదినా," అంటాడు.