గీకేసిన లేబుళ్ళు

మా కింగ్‌స్టన్‌లో రికార్డులు వేసే నాలాంటివాణ్ణి డీజే అనరు. ఆ తాళం మీద మైకు పట్టుకుని మాటలు దంచేవాడే డీజే. చెమట నాది, చప్పట్లు వాడివి. వాడంటే ఎవరాల్డ్, జనానికి జనరల్ నట్‌మెగ్.

వాణ్ణి పెంచింది ఐసిల్డా పెద్దమ్మ. వాడి మైకు పిచ్చిని నాలుగేళ్ళు ఓర్చుకుని చివరికి తేల్చి చెప్పేసింది. ఈస్టర్ సోమవారం ఇంకో జట్టుతో జరిగే పాటల పోటీలో ఓడితే మైకు మూలపడేసి, మంగళవారం పొద్దున్నే మామయ్య బేకరీలో పిండి పిసకాలి. పిండి పేరెత్తితేనే వాడికి తుమ్ములు. మైకు పోతే వాడు బతకలేడు.

అవతలివాళ్ళు మన పాటల పేర్లు చూసి కాపీ కొట్టకుండా లేబుళ్ళు గీకేయడం మా వృత్తిధర్మం. ముందురోజు పెట్టెలో ఉన్నవన్నీ బ్లేడుతో గీకేశాను. గాడి చూసి పాట చెప్పగలనని నా పొగరు. రెండు వారాల కింద పెద్దమ్మ గ్రామఫోన్ పక్కనున్న రికార్డు కూడా మాదే అనుకుని అందులో పడేసింది నేనేనని అప్పటికి గుర్తులేదు.

సోమవారం మధ్యాహ్నం మైదానం నిండా జనం. గేటు దగ్గర పెద్దమ్మ చేపలు వేయిస్తోంది. ఈ దెబ్బకి అవతలివాళ్ళు సామాను సర్దుకోవాల్సిందేనని నట్‌మెగ్ మైకులో సవాలు విసిరాడు. నేను సూది దించాను. రికార్డులోంచి చర్చి బృందం కీర్తన అందుకుంది.

అవతలివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. గేటు దగ్గర పెద్దమ్మ అట్లకాడతో లేచి నిలబడింది. ఈ రికార్డు కొట్టేసిందనే పక్కింటి మిస్ మెర్లీన్‌తో ఆవిడ మాటలు మానేసింది.

నట్‌మెగ్ కాలితో దరువేస్తూ ఆ కీర్తన మీదే మొదలెట్టాడు.

"పెద్దమ్మా పెద్దమ్మా, నీ పాట దొరికింది, పక్కింటామె దొంగ కాదు, పాపం మా పెట్టెది. పిండికి నన్ను పంపొద్దు, తుమ్ములాగవు, నీ చేపముక్క తినకుంటే మాటలు రావు."

జనం రేకుల కంచె దడదడా బాదారు. అంటే, ఆపి మళ్ళీ మొదట్నుంచి వేయమని. నేను సూది ఎత్తేలోపే పెద్దమ్మ వచ్చేసింది.

"మళ్ళీ వెయ్యరా," అంది నాతో. వాడి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఈసారి మెర్లీన్ పేరు పెట్టి చెప్పు నాయనా. అదిగో, అక్కడే నిలబడింది. నా నోటితో నేను చెప్పలేను."

వాడు చెప్పాడు. కంచెకు రెండు రేకులు ఊడిపడ్డాయి. అవతలివాళ్ళు నిజంగానే సామాను సర్దుకున్నారు. ఆ సాయంత్రం మిస్ మెర్లీన్, పెద్దమ్మ ఒకే పళ్ళెంలో చేపలు తింటుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

మామయ్యకు మాత్రం ఒక మనిషిని పంపుతానని పెద్దమ్మ ముందే మాటిచ్చింది. మంగళవారం పొద్దున్నే పిండి పిసికింది నేను.