స్పీకరు తీసెయ్యమ్మా

నా నోరు మంచిది కాదని మా బేకరీలో అందరికీ తెలుసు. ఆ నోటిని భరించేది వదిన ఒక్కతే. నేను పిండి పిసుకుతాను, ఆమె పొయ్యిలోంచి దించిన రొట్టెల్ని సంచుల్లో పెట్టి మూతి కడుతుంది. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరి కొడుకులూ ఒకే పటాలంలో, ఒకే కందకంలో ఉన్నారు. అంతకన్నా దగ్గరి చుట్టం నాకు ఎవరున్నారు గనక?

సరిహద్దులో కాల్పులు మొదలైనప్పటి నుంచి ఇద్దరికీ తిండి సయించడం లేదు. పనిలో ఫోన్లు వద్దని యజమాని అంటే, ముందు నీ కొడుకుని అక్కడికి పంపించు, అప్పుడు మానేస్తాం అన్నాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నాకు మోచేతుల దాకా పిండే కాబట్టి, ఫోనొస్తే వదినే స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టేది. మావాడి వెనక నుంచి వాళ్ళవాడు, అత్తా, మా అమ్మ మాత్రలు వేసుకుంటోందా అని అరిచేవాడు. ఎక్కడ వేసుకుంటుందిరా, మొండిఘటం అని నేను చాడీలు చెప్పేదాన్ని. వదిన మురిసిపోయేది.

ఆ రోజు ఫోను మోగగానే పరుగున వచ్చి నొక్కింది. మావాడి గొంతు బొంగురుపోయి ఉంది.

"అమ్మా, స్పీకరు తీసెయ్యమ్మా."

నా చేతులు పిండిలోనే ఉండిపోయాయి. వదినే స్పీకరు ఆపి, ఫోను నా చెవికి ఆనించి పట్టుకుంది. ఆమె మొహం నాకు జానెడు దూరంలో ఉంది. మావాడు ఏడుస్తూ చెప్పాడు. తెల్లవారుజామున కందకం మీద ఫిరంగి గుండు పడిందట. తను నీళ్ళకి వెళ్ళి వచ్చేసరికి వదిన కొడుకు ప్రాణాలతో లేడట. అధికారులు ఇంటికొచ్చి చెప్పేదాకా అత్తకి తెలియనివ్వద్దన్నాడు. నా గుండెల్లో రాయి పడింది. మావాడు బతికే ఉన్నాడన్న సంతోషం కూడా అక్కడే, ఆ రాయి కిందే ఉంది. ఛీ, ఏం బతుకు నాది. అయినా ఉంది, లేదని ఎలా అనను?

వేళకి ఏదో ఒకటి తినమని మాత్రం చెప్పగలిగాను. ఫోను కట్టయింది.

వదిన దాన్ని ఇంకా నా చెవి దగ్గరే పట్టుకుని నిలబడింది. అబద్ధాలాడటంలో నన్ను మించినవాళ్ళు లేరు, యజమాని కళ్ళకి రోజూ గంతలు కడతాను. వాళ్ళవాడికి జ్వరం తగిలిందట, పడుకున్నాడట అని చెప్పబోయాను. కళ్ళల్లోంచి నీళ్ళు ముందే కారిపోయాయి.

ఆమె అరవలేదు, కూలబడలేదు. ఫోను బల్ల మీద పెట్టి, చేతిగుడ్డతో నా కళ్ళు తుడిచింది. నా చేతులకి ఖాళీ లేదు కదా, అందుకు.

"వదినా..." అన్నాను.

ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. పిండి వైపే చూస్తూ మెల్లగా అడిగింది.

"మరి ఇప్పుడు మీవాడి పక్కన ఎవరున్నారు?"