గాజుగదిలో సాంబ్రాణి

జాలరిపేట అప్పాయమ్మ బడి మొహం చూసింది కాదు గాని, దుమ్ము సంగతి ఆవిడకు తెలిసినట్టు ఆవిడ పనిచేసే యూనివర్సిటీలో మరొకరికి తెలియదు. దుమ్ము రేణువు కూడా చొరబడకూడని గాజుగదిని ఆరేళ్లుగా తుడిచేది ఆవిడే. నెత్తికి టోపీ, ఒంటికి తెల్లకోటు, కాళ్లకు సంచులు తొడిగితే గాని లోపల అడుగుపెట్టేది కాదు. "సేపల గంప దించీసి డాక్టరమ్మవైపోనావే," అని మొగుడు తవిటయ్య ఎకసెక్కాలాడేవాడు.

ఆ గదిలో సత్యశ్రీ అనే పిల్ల పరిశోధన చేసేది. తండ్రిది స్టీల్‌ప్లాంటు ఉద్యోగం, కూర్మన్నపాలెంలో కాపురం. గోరంత పలకల మీద వెంట్రుకలో నూరోవంతు కాలువలు తవ్వడం ఆ పిల్ల పని. చుక్క నీళ్లు పోస్తే అందులో విషముందో లేదో పలకే చెబుతుందట. నాలుగేళ్లలో పాడైనవి పోగా పన్నెండు నిలిచాయి. రెండువేల ఆరులో, దసరా మర్నాడు, డబ్బిచ్చే ఢిల్లీ వాళ్లు వచ్చి చూస్తామన్నారు. నచ్చితే గది నడుస్తుంది, లేకపోతే మూతే.

"ఇయ్యి నిలబడతాయా అమ్మా?" అని అడిగింది అప్పాయమ్మ.

"దిష్టి తగలకపోతే చాలు పిన్నీ," అని నవ్వి, పలకలను ఆరబెట్టి, దుమ్ము లాగేసే గాలి మిషను వేసి ఇంటికి వెళ్లింది సత్యశ్రీ.

నవ్వులాటకు అన్న ఆ మాట అప్పాయమ్మ గుండెలో పడింది. ఆయుధపూజకు లారీకీ, లేతు మిషనుకీ, ఆఖరికి పడవకీ ధూపం వేస్తారు, ఈ పలకలేం పాపం చేశాయి? పండగపూట తాళం తీసి వెళ్లింది. పద్ధతి తప్పలేదు పాపం. టోపీ, కోటు, సంచులు, అన్నీ తొడిగింది. ధూపం మూకుడు కూడా మూడుసార్లు కడిగి తుడిచింది. అప్పుడు నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పలకల చుట్టూ ముమ్మారు తిప్పింది.

మర్నాడు ఢిల్లీ పెద్దాయన మైక్రోస్కోపులో కన్నుపెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. కాలువలన్నీ మసితో పూడిపోయాయి. ఒక్క పలకా మిగల్లేదు.

"ఎలా జరిగిందమ్మా?" అన్నారు సత్యశ్రీ చేత పరిశోధన చేయిస్తున్న గురునాథరావు మాస్టారు.

"గాలి మిషను వేయడం మరిచిపోయానండీ," అంది సత్యశ్రీ.

గుమ్మంలో ఉన్న అప్పాయమ్మ ఆ మాట వింది. సాయంత్రం మెట్ల దగ్గర ఆ పిల్లను పట్టుకుంది.

"మిషనేటి? ధూపమేసింది నాను. పద, మాస్టారికి సెప్పీస్తాను."

"తెలుసు పిన్నీ. పొద్దున్న తలుపు తియ్యగానే వాసన కొట్టింది. చెబితే నీ ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ. మల్లీ కొత్తవి సేద్దారి మనం. రోజుకి పదిసార్లు తుడుస్తాను."

"ఇంక చెయ్యనివ్వరు పిన్నీ," అంది సత్యశ్రీ. కేకలేసి ఉంటే అప్పాయమ్మ ఆ పిల్ల కాళ్లు పట్టుకునేది. కోపమైతే ఏదో ఒకనాటికి చల్లారుతుంది. ఆ పిల్లకు కోపమే రాలేదు. బస్సొస్తే ఎక్కి వెళ్లిపోయింది.

అప్పాయమ్మ ఆగలేక మాస్టారి దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నారు.

"ఎవరు చేస్తేనేం అప్పాయమ్మా, గది మూతపడ్డట్టే," అన్నారు. "రేపటినుంచి ఆఫీసు గదులు ఊడువు."