చొక్కా తొడుక్కున్న గోనె

నేనొక గోనెసంచిని. మొహం తిప్పుకోకండి. మీ ఇంటికి బియ్యం వచ్చింది నా కడుపులోనే. వరదలో గట్టు తెగకుండా ఇసక మింగి పడుకున్నది నేనే. చలికాలం మీ కుక్కకి పక్క వేసిందీ నన్నే. ఇంత చాకిరీ చేయించుకుని చివరికి కాళ్లు తుడుచుకోవడానికి గుమ్మంలో పడేస్తారు. మనుషుల విశ్వాసం అంతవరకేనని నాకు అలవాటైపోయింది. కానీ నాకు జరిగింది ఇంకే గోనెకీ జరిగి ఉండదు. రెండేళ్లపాటు నేనొక మగవాడినై దూలానికి వేలాడాను. రోజూ ఒక పిల్ల వచ్చి నన్ను చంపేది. ఆమె చంపాల్సింది ఆ మగవాణ్ణి కాదని నాకు తెలుసు. తెలిసినా చెప్పడానికి నోరు లేదు.

పుట్టింది విజయనగరం అవతల ఒక మెట్ట పొలంలో, గోగుచేలో. కోసి మడుగులో కుళ్లబెట్టారు. నడుంలోతు నీళ్లలో నిలబడి ఆడవాళ్లు ముక్కు మూసుకోకుండానే నా నార ఒలిచారు. నారమిల్లులో మగ్గం దగ్గరివాడు ఆవలిస్తూ నేశాడు కాబట్టి నాలో ఒక పోగు ఇప్పటికీ వంకరే. అక్కణ్ణించి పారినాయుడి రైసుమిల్లుకి వచ్చి బియ్యం మోశాను, తరవాత తవుడు మోశాను. మూతి చిరిగాక అవతల పారేస్తే, ఆ వీధి చివర ఇస్త్రీకొట్టు సన్యాసమ్మ నన్ను ఏరుకుని బొగ్గులకి పెట్టుకుంది. గోనెకి కళ్లూ చెవులూ ఎక్కడివని అడక్కండి. ఒళ్లంతా కన్నాలే. అయితే అన్నిటికన్నా ముక్కు గట్టిది. ఒక్కసారి పట్టిన వాసన నన్ను వదలదు.

సన్యాసమ్మ మంచిదా చెడ్డదా అంటే ఈనాటికీ నేను చెప్పలేను. ఊరి బట్టలన్నీ ఆమె చేతిమీదుగా పోవాలి. కాలరు లోపలివైపు నల్లజీడి రసంతో ఇంటికో గుర్తు వేసేది. అది బట్ట చిరిగిపోయినా చెరగదు. ఏ గుర్తు ఎవరిదో ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆమె మొగుడు పారినాయుడి మిల్లులో యంత్రం బెల్టుకి చిక్కి చచ్చిపోయాడు. నాయుడు శవాన్ని చూడటానిక్కూడా రాలేదు. అప్పణ్ణించీ నాయుడి పేరు చెబితే ఆమె ఇస్త్రీపెట్టె కాస్త గట్టిగా దించేది. పిల్లలు లేరు. తల్లి పోతే ఎత్తుకుని పెంచిన తమ్ముడు అప్పన్న ఒక్కడే ఆమెకి లోకం. ముప్ఫై ఐదేళ్లొచ్చినా ఉడుకన్నం తనే కలిపి పెట్టేది.

ఇక రత్నం. పూర్తి పేరు నూకరత్నం, అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఆమె అక్క పుణ్యవతి మిల్లు కళ్లంలో వడ్లు ఎండబెట్టేది. ఒక రోజు పుణ్యవతి ఇంటికి రాలేదు. మర్నాడు మిల్లు వెనక కాలవలో తేలింది. మెడమీద కమిలిన గుర్తులున్నా పోలీసులు కాలు జారిందని రాసుకుని వెళ్లిపోయారు. ఊళ్లో అదే మాదిరి కాళ్లు జారిన ఆడపిల్లలు అంతకుముందు ఇద్దరున్నారు. మగవాళ్లకి ఆ కాలవ గట్టుమీద కాలు జారదేమిటో నాకు అర్థం కాలేదు.

శవానికి స్నానం చేయించింది సన్యాసమ్మే. బిగుసుకుపోయిన పిడికిలి విప్పితే అందులో చొక్కా కాలరు ముక్క ఒకటి, గుండీతో సహా ఊడొచ్చింది. ఎవరూ చూడకుండా కొంగున కట్టుకుంది. రత్నం మాత్రం చూసింది. మూడు రోజులు ఇస్త్రీకొట్టు అరుగుమీద తిండి లేకుండా కూర్చుంది.

"మా అక్క సేతిలో ఏటున్నాదో సెప్పు అత్తా. సెప్పకపోతే ఇక్కడే సస్తాను."

మూడోనాడు సన్యాసమ్మ ఆ ముక్కని లోపలివైపు తిప్పి చూపించింది. రెండు చుక్కలు, కింద ఒక గీత.

"ఇది నాయుడింటి గురుతు గుంటా. ఎవులికైనా సెప్పినావా, నువ్వూ కాలవలోనే తేల్తావు. పోలీసులు ఆడి జేబులోనే ఉన్నారు."

"సెప్పను. సంపుతాను."

సన్యాసమ్మ తండ్రి జాతర్లలో సాముగరిడీ చేయించిన గురువు. కూతురికి కర్రా, కత్తీ తిప్పడం చిన్నప్పుడే నేర్పాడు. ఇన్నేళ్లూ బట్టలు బాదిన చెయ్యి ఆ విద్య మరిచిపోలేదు. నాలో బొగ్గులు ఒంపేసి, ఊక కూరి, మూతి కుట్టి, తమ్ముడి చేత వెనకింట్లో దూలానికి ఎత్తి కట్టించింది. ఉతకడానికొచ్చిన నాయుడి చొక్కా తెచ్చి తొడిగింది. "ఆడి లావు, ఆడి ఎత్తు నీ సేతికి తెలియాల," అంది. పగ మరిచిపోకుండా ఆ కాలరు ముక్కని నా గుండెమీద పిన్నీసుతో గుచ్చింది. గుర్తు పైకి కనబడేటట్టు, గుండీ లోపలికి మడిచి గుచ్చింది. ఆ మడతలో ఏముందో నా ఒంటికి తప్ప ఎవరికీ తెలియదు.

అప్పుడే నాకు ఊపిరాడలేదు. నాయుడి చొక్కాలు నాకు కొత్త కాదు. ముక్కుపొడుమూ, తవుడూ, అత్తరూ కలిసిన వాసన. ఈ ముక్కకి ఆ వాసన అడుగున ఎక్కడో ఉంది. పైన పట్టింది మాత్రం బొగ్గుల సెగ, గంజి, చుట్ట పొగ. పొద్దుట నన్ను దూలానికి ఎత్తి కట్టినవాడి చంకలో ఉన్న వాసనే అది. గుండీ దాని అసలు చోట లేదు. లావుపాటి మెడకి కుట్టినది విప్పి, సన్నమెడకి సరిపోయేలా రెండు వేళ్లు లోపలికి జరిపి ఎర్రదారంతో కుట్టారు. నాయుడి ఇల్లాలు పాతబడ్డ చొక్కాలు సన్యాసమ్మకి ఇచ్చేది. సన్యాసమ్మ వాటికి గుండీలు జరిపి తమ్ముడికి తొడిగేది. జీడి గుర్తు మాత్రం పాత ఇంటి పేరే చెబుతుంది.

అది కుట్టిన చెయ్యే, తెలిసి తెలిసి, ఆ గుండీని నావైపు తిప్పి గుచ్చింది. తమ్ముడు బతకాలి, మొగుణ్ణి మింగిన నాయుడు పోవాలి, రెండింటికీ ఈ పిల్ల చెయ్యి కావాలి.

రెండేళ్లు! మధ్యాహ్నం తాళ్లమీద బట్టలు ఆరేవేళ రత్నం వచ్చేది. తలుపు గడియ పడేది. ఎడమచేత్తో కాలరు పట్టుకోవడం, మోకాలితో నెట్టడం, పక్కటెముక కింద నుంచి పైకి పొడవడం. మొదట్లో బాకు నా ఒంట్లో ఇరుక్కుపోయి ఆమె ఏడ్చేది. ఆరు నెలలకి ఏడుపు మానేసింది. ఏడాదికి మాట్లాడటం మానేసింది. పెళ్లి చూపులకని తల్లి పిలిస్తే వెళ్లలేదు. తోటి పిల్లలు జాతరకి రమ్మంటే నవ్వి ఊరుకుంది. ఆ వెనకింట్లో కిటికీ లేదు. నేను తాడుకి వేలాడితే ఆ పిల్ల పగకి వేలాడింది. ప్రతి పోటుకీ నేను లోపల్నుంచి అరిచేదాన్ని, వీడు కాదే తల్లీ, వీడు కాదు అని. బయటికి రాలిపడేది మాత్రం ఊకే.

అప్పన్న సంగతి చెబితే మీరు నమ్మరు. రోజూ ఆమెకి టీ తెచ్చి పెట్టేవాడు. గోడకి ఆనుకుని చుట్ట కాలుస్తూ పాఠం చూసేవాడు. "ఇంకాస్త కిందికి పొడవాల అమ్మీ. నాయుడికి బొజ్జ ఉన్నాది కదా," అని సలహా కూడా చెప్పేవాడు. పోటు పడ్డచోట ఊక కారితే తనే మళ్లీ కూరి కుట్టేవాడు. వాడి వేళ్లు నా గుండెమీది ముక్క దగ్గరికి వచ్చేసరికి కాస్త చల్లబడేవి. మనుషులకి సిగ్గు లేదనుకోవడం పొరపాటు, ఉంటుంది, వేళ్ల కొసల్లో ఎక్కడో ఉంటుంది. దాంతో ఎవరికీ ఉపయోగం లేదు.

ముహూర్తం పెట్టారు. నాయుడు గురువారంనాడు పొద్దున్నే ఒంటరిగా కాలవగట్టున నడుస్తాడు. బుధవారం మధ్యాహ్నం ఆఖరి పాఠం. సన్యాసమ్మ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. రత్నం ఆరోజు కళ్లు మూసుకుని పొడిచింది. బాకు సూటిగా పిన్నీసుకి తగిలింది. పిన్నీసు విరిగి, ముక్క మడత విప్పుకుని కిందపడింది. రెండేళ్లుగా నా ఒంటికి అతుక్కున్న గుండీ వెలుతురు చూసింది.

రత్నం దాన్ని తీసి చూసింది. నాకు తొడిగిన నాయుడి కాలరు పక్కన పెట్టి చూసింది. ఈ కాలరుని రోజూ పట్టుకుని పట్టుకుని ఆమె ఎడమచేతికి దాని కొలత కంఠతా వచ్చు.

"అత్తా, ఇది నాయుడి మెడకి సాలదు."

సన్యాసమ్మ ఆ ముక్క కోసం చెయ్యి చాపింది.

"గుండీ ఎవులు జరిపినారు? ఈ ఎర్రదారం నీ డబ్బాలోది కాదేటి?"

ముసలామె మొహమే అంతా చెప్పేసింది. సరిగ్గా అప్పుడే అప్పన్న ఇస్త్రీపెట్టె నిండా నిప్పులు పోసుకుని లోపలికొచ్చాడు. పిల్ల చేతిలో గుండీ చూశాడు. అక్క వంక చూశాడు.

"నాను సంపాలనుకోనేదు," అన్నాడు. "అది అరిసింది. ముందోళ్లిద్దరూ అంతే. నోరు ముయ్యమంటే ముయ్యనేదు, నానేటి సేసేది!"

రత్నం నాకు తొడిగిన చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పింది. తీరిగ్గా, జ్వరంలో ఉన్నవాళ్లకి విప్పినట్టు. దాన్ని సన్యాసమ్మ ఒళ్లో పడేసింది.

"ఇన్నాళ్లూ గోనెకి తొడిగినావు. ఇప్పుడు ఆడికి తొడుగు."

సన్యాసమ్మ లేచి ఇద్దరికీ మధ్య నిలబడింది. అప్పన్న ఆమె భుజం మీదుగా నిప్పులపెట్టె ఎత్తాడు, రత్నం తలమీద వెయ్యడానికి. అక్క వెనక్కి తిరిగి తమ్ముడి మొహం చూసింది. ఏం చూసిందో గాని ఒక్క అడుగు పక్కకి జరిగింది. అంతే. రెండేళ్లు నాలో దిగిన పోటు ఈసారి నాలో దిగలేదు. పెట్టె జారి నిప్పులు నేలంతా చెల్లాచెదురయ్యాయి. నా అంచు కాస్త కాలింది.

పిల్ల అలాగే నిలబడిపోయింది. గోనె ఎప్పుడూ ఆమె కళ్లలోకి చూస్తూ కూలలేదు కదా, ఆ తరవాత ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. సన్యాసమ్మ ఆమె చేతులు నీలిమందు తొట్టిలో ముంచి రుద్ది రుద్ది కడిగింది.

"ఎనక గుమ్మంలోంచి ఇంటికి పో."

"నాను సేసింది నానే సెప్పుకుంటాను."

"మీ యమ్మకి ఒకర్తివే మిగిలినావు. రెండేళ్లు నీ కళ్లకి గంతలు కట్టి తిప్పినాను గుంటా. ఇదొక్కటీ నన్ను మొయ్యనీ. నువ్వెప్పుడూ ఈ ఇంట్లో అడుగు పెట్టనేదు. దేనినీ సూడనేదు. నా మీద ఒట్టు."

పోలీసులు వచ్చేసరికి ఆమె తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. "పుణ్యవతిని ఈడు సంపినాడు, ఈణ్ణి నాను సంపినాను," అని కాలరు ముక్క వాళ్ల చేతిలో పెట్టింది. ఈ వయసులో నీవల్ల ఎలా అయిందని ఇన్‌స్పెక్టర్ అడిగితే, ఆయన చేతిలోని లాఠీ అందుకుని నన్నొక పోటు పొడిచింది. ఊక కారే చోటే తగిలింది. ఎంతైనా గురువు కదా. ఆయన ఇంకేమీ అడగలేదు.

నాకు చీటీ కట్టి కోర్టు సామాన్ల గదిలో పడేశారు. పక్కన తుప్పుపట్టిన సైకిలు, సారా డబ్బాలు, ఎవరిదో ఒంటి చెప్పు. వాయిదా మీద వాయిదా. ఆ గదికీ కిటికీ లేదు. పుణ్యవతి కేసు మళ్లీ తెరిచారనీ, ఇంకో ఇద్దరు తల్లులు వచ్చి సాక్ష్యం చెప్పారనీ బంట్రోతులు అనుకుంటుంటే విన్నాను.

మొన్న, పుణ్యవతి చెల్లెలని రత్నాన్ని కూడా పిలిచారు. చిక్కిపోయింది. నన్ను తెచ్చి ఆమె ముందు బల్లమీద పెట్టారు. లాయరు అనుమానంగా అడిగాడు, ఈ సంచి నీకు తెలుసా, ఎప్పుడైనా చూశావా అని.

ఆమె నన్ను చూసింది. ఒళ్లంతా ఆమె చేతి రాతే. ఆమె ఏడుపూ, తిట్లూ, అక్క పేరు పెట్టి పిలిచిన పిలుపులూ అన్నీ నాలోనే దిగాయి. తల్లికి కూడా చెప్పుకోనివి నాతో చెప్పుకుంది. బోనులో సన్యాసమ్మ రెండు చేతులా కటకటాలు బిగించి పట్టుకుంది. రత్నం చెయ్యి బల్ల అంచుదాకా వచ్చి ఆగింది.

"నేదు బాబూ," అంది. "ఈ గోనెని నానెప్పుడూ సూడనేదు."

నాకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. గుమస్తా నన్ను మడిచి, కింద రాలిన ఊకని కాలితో పక్కకి తోశాడు.