మార్చురీకి ఒక లెన్సు

ఆ ఆసుపత్రి మార్చురీలో అందరూ ఆమెను పాస్‌పోర్టు అనే పిలిచేవారు. ఉద్యోగంలో చేరకముందు ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసేది. అక్కడ స్టూలు ఎక్కడ ఉండాలో, కెమెరా ఎక్కడ ఉండాలో యజమాని నేల మీద రంగుతో గీతలు గీసి పెట్టాడు. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తమని చెప్పి, మీట నొక్కడమే ఆమె పని. స్టూడియో మూతపడ్డాక ఎవరో చెబితే ఇక్కడికి వచ్చింది. పేరూ ఊరూ తెలియకుండా వచ్చిన శవాలకు ఫొటోలు తీయాలి. మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు ముందుగదిలో కంప్యూటర్ మీద అవి చూపించాలి. మొదట్లో రెండుపూటలా అన్నం సయించలేదు. తర్వాత అలవాటైంది.

ఆసుపత్రివాళ్లు ఆమెకో డీఎస్ఎల్ఆర్ కెమెరా ఇచ్చారు. కొత్తగా ఫొటోలు నేర్చుకునేవాళ్లు కొనుక్కునే చిన్న రకం. దాంతో పాటే వచ్చిన మామూలు జూమ్ లెన్సు. లోపలిగది ఇరుకు. ఒకవైపు ఫ్రీజర్లు, ఇంకోవైపు గోడకు ఆనించిన స్ట్రెచర్. ఆమె స్ట్రెచర్ మీదికి వంగి, జూమ్ పూర్తిగా వెనక్కి తిప్పి, ముఖానికి జానెడు దూరం నుంచి ఫొటో తీసేది. అలాగైతేనే ముఖమంతా ఫ్రేములో పట్టేది. ఎవరూ తప్పుబట్టలేదు. అసలు ఆ ఫొటోలను ఫొటోల్లా చూసినవాళ్లే లేరు.

ఒకరోజు మధ్యాహ్నం బేకరీలో పనిచేసే ఒకతను వచ్చాడు. చొక్కా చేతుల మీద ఇంకా మైదా ఉంది. తమ్ముడు ఇంటి నుంచి వెళ్లి తిరిగి రాలేదనీ, పోలీసులు ఇక్కడ కూడా చూడమన్నారనీ చెప్పాడు.

"వయసెంత?" అంది పాస్‌పోర్టు.

"నాకంటే చాలా చిన్నోడండీ. నేనే ఎత్తుకుని తిప్పాను. సన్నగా ఉంటాడు, కోలముఖం."

సన్నగా ఉన్న కుర్రవాళ్ల ఫొటోలు ఒక్కొక్కటే చూపించింది. మూడోదాని దగ్గర అతను కుర్చీలో ముందుకు జరిగాడు. తెర మీద ముఖం ఉబ్బినట్టుంది. ముక్కు లావుగా ముందుకు వచ్చింది. చెవులు వెనక్కి పోయి కనీకనిపించకుండా ఉన్నాయి. తడిచర్మం మీద ఫ్లాష్ పడి నుదురు తెల్లగా మెరుస్తోంది. అతను చాలాసేపు చూశాడు.

"కాదండీ," అన్నాడు చివరికి. "మావాడికి ముక్కు ఇంత ఉండదు. వీడెవరో పాపం."

"సరిగ్గా చూశారా?"

"నా తమ్ముణ్ని నేను పోల్చుకోలేనా మేడమ్?" అని గట్టిగా ఊపిరి వదిలాడు. లేచి కూజాలోని నీళ్లు గడగడా తాగాడు. పోతూపోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఏమనుకోకండి, ఎవరి బిడ్డో పోయాడని సంతోషపడుతున్నట్టుంది," అన్నాడు. ఆమె చిన్నగా నవ్వింది. ఆ గదిలోంచి ఊపిరి పీల్చుకుని వెళ్లేవాళ్లను చూస్తే ఆమెకూ బాగుండేది.

గడువు దాటాక ఆ శవాన్ని మున్సిపాలిటీవాళ్లు తీసుకెళ్లి, అనాథ శవాలను పూడ్చేచోట పూడ్చారు.

వర్షాలు మొదలయ్యాక అతను మళ్లీ వచ్చాడు. ఈసారి మాట నీరసంగా ఉంది. "మా అమ్మ ఊరుకోవట్లేదండీ. ముఖం కాదురా, బట్టలు చూసిరా అంటోంది. తననే వచ్చి చూడమంటే, నేను రాను, నాకక్కడ ఏం పని అంటుంది. ఒకసారి చూపిస్తే ఆమెకు చెప్పి ఊరుకోబెడతాను."

మార్చురీలో అందరికంటే పాతవాడైన అటెండరు బట్టల సంచులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండో సంచి విప్పగానే పైనే ఒక బెల్టు ఉంది. కంపెనీ వేసిన రంధ్రాలు కాక, లోపలివైపు వరసగా ఇంకో మూడు రంధ్రాలు, అంచులు కాలి నల్లబడినవి. బేకరీ అతను బెల్టు చేతిలోకి తీసుకుని ఆ రంధ్రాలను బొటనవేలితో తడిమాడు.

"ఇవి నేనే పెట్టాను," అన్నాడు. "మేకు కాల్చి."

అటెండరు కుర్చీ జరిపితే కూలబడ్డాడు. కాసేపటికి, "ఆ ఫొటో ఇంకోసారి చూపించండి," అన్నాడు. పాస్‌పోర్టు సంచి మీది నంబరు చూసి తెరిచింది. ఆ రోజు అతను కాదన్న మూడో ఫొటోయే. అతను తెరకు దగ్గరగా వంగి, దూరం జరిగి, మళ్లీ వంగి చూశాడు.

"ఇప్పుడు చూసినా నాకు వాడిలా లేడు మేడమ్. బెల్టు వాడిదే. ముఖం చూస్తే వేరేవాడిలా ఉంది. ఏం మనిషినండీ నేను? కాదన్నాను. కాదని చెప్పి, దారిలో టీ తాగి, ఇంటికి పోయి హాయిగా పడుకున్నాను. నేను కాదనబట్టేగా వాణ్ని దిక్కులేనివాడిలా పూడ్చారు!"

అటెండరు అతని భుజం మీద చెయ్యి వేసి, ఆటోదాకా నడిపించుకుని వెళ్లాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక కూడా పాస్‌పోర్టు చెవిలో అతని మాటే ఉంది. ఇప్పుడు చూసినా వాడిలా లేడు. మెమరీకార్డు ఖాళీ చేద్దామని కెమెరా ఇంటికి తెచ్చుకుంది. చెల్లెలు మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోన్ చూసుకుంటోంది. తలిదండ్రులు పోయాక ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే.

"ఏయ్, కాసేపు కదలకుండా పడుకోవే," అంది పాస్‌పోర్టు. మంచం మీదికి వంగి, రోజూ తీసినట్టే ఒక ఫొటో తీసింది.

చెల్లెలు లేచి కెమెరా లాక్కుని చూసి గొల్లుమని నవ్వింది. "ఓసి నీ మొహం మండా! ఇదేంటే, కప్పలా తీశావ్? ముక్కు చూడు, పకోడీలా ఉంది. నా చెవులేవి? నీకు జీతమెవడిస్తున్నాడే బాబూ?"

పాస్‌పోర్టు నవ్వలేదు. కెమెరా తీసుకుని మంచం ఎక్కి నిలబడింది. చెల్లెల్ని కింద నేల మీద పడుకోమంది. లెన్సు పూర్తిగా ముందుకు తిప్పి పైనుంచి ఇంకొకటి తీసింది. ఈ ఫొటోలో ఉన్నది చెల్లెలే. అవే బుగ్గలు, అదే సన్నని ముక్కు. రెండు ఫొటోలనూ మార్చి మార్చి చూసింది. స్టూడియోలో నేల మీద ఆ గీతలు ఎందుకు గీశారో అప్పుడు అర్థమైంది. అన్నేళ్లు వాటి మధ్యే నిలబడింది. ఎందుకని ఒక్కసారైనా అడగలేదు.

"ఏమైందే అక్కా?" అంది చెల్లెలు, నవ్వు ఆపి.

"ఏం లేదు. అన్నం పెట్టుకుని తిను."

మర్నాడు పెద్దడాక్టరుకు చెప్పబోయింది. ఆయన తల ఎత్తకుండానే, "ఇప్పుడు కొత్త సామాను అడిగితే వచ్చేసరికి నేను రిటైరైపోతాను. మీకెలా కుదిరితే అలా చేసుకోండి," అన్నాడు. ఆమె తన డబ్బుతోనే కొందామని కెమెరాల షాపుకు వెళ్లింది.

షాపాయన బట్టతల, హుషారైన మనిషి. ఆమె కెమెరా చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మంచి కెమెరానే. ఏం తీస్తుంటారమ్మా? పెళ్లిళ్లా, పక్షులా?"

"ముఖాలండీ. పడుకున్నవాళ్లవి. పైనుంచి తీయాలి."

"ఓ, పసిపిల్లలా! ఇప్పుడు అదే ఫ్యాషన్. నయం, నిద్రలో ఉంటే కదలరు."

"కదలరు," అందామె.

ఆయన ఉత్సాహంగా లెన్సులు తెచ్చి గాజుబల్ల మీద పేర్చాడు. పిల్లల కాలివేళ్లు కూడా వెంట్రుకవాసి స్పష్టంగా వస్తాయంటూ ఒక మాక్రో లెన్సు చూపించాడు. పుట్టుమచ్చలకూ పచ్చబొట్లకూ పనికొస్తుందని ఆమె మనసులో అనుకుంది. కానీ ముందు కావలసింది ముఖం. ఎనభై అయిదు మిల్లీమీటర్ల లెన్సు బిగించి కంటికి పెట్టి చూస్తే ముఖం ఎంతో అందంగా కనిపించింది.

"దీనికి బాగా దూరంగా నిలబడాలమ్మా. పైనుంచి తీయాలంటున్నారుగా, సీలింగుకు వేలాడాలి మీరు," అని నవ్వాడు. "మీకు యాభై మిల్లీమీటర్లది సరిపోతుంది, ఇందులో తిప్పే జూమ్ ఉండదు. స్టూలెక్కి తీయండి. అసలు నిజం చెప్పమంటారా? మీ పాత లెన్సునే చివరిదాకా తిప్పి, దూరంగా నిలబడినా దాదాపు ఇదే ముఖం వస్తుంది. ముఖం వంకర పోయేది లెన్సు వల్ల కాదు, మనం మరీ దగ్గరికి పోవడం వల్ల."

ఆమె గాజుబల్ల అంచు పట్టుకుంది. ఇంట్లో ఆ రెండో ఫొటో బాగా వచ్చింది సగం లెన్సు తిప్పడం వల్లేననుకుంది. ఏమీ కొనకపోయినా సరిపోయేదన్నమాట. ఒక స్టూలు ఎక్కి ఉంటే సరిపోయేది.

"యాభైదే ఇవ్వండి," అంది. "నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు. జూమ్ ఉంటే తొందరలో మళ్లీ వెనక్కి తిప్పేస్తాను."

"మీ ఇష్టం. మసక వెలుతురులోనూ బాగా లాగుతుంది లెండి. ట్రైపాడ్ స్టాండు కావాలా?"

"చోటు లేదండీ. ఫ్లాష్ కావాలి. నేరుగా పడితే తడిగా ఉన్నచోటల్లా మెరుస్తోంది."

"తడిగానా? స్నానం చేయించి వెంటనే తీస్తారా?"

ఆమె తల దించుకుంది. ఇక దాచడం ఎందుకనిపించి, ఎక్కడ పనిచేస్తుందో చెప్పింది. బేకరీ అతని సంగతీ చెప్పింది. షాపాయన ముఖంలో హుషారు పోయింది. లెన్సులకు ఒక్కొక్కటే మూతలు పెట్టాడు. తర్వాత మాట్లాడినప్పుడు గొంతు మారింది.

"తల పైకి తిప్పుకునే ఫ్లాష్ తీసుకోండి. సీలింగ్ తెల్లగా ఉంటే దాని మీద కొట్టండి, వెలుగు మెత్తగా దిగుతుంది. ట్యూబులైట్లా అక్కడ? చామనఛాయ మనిషి కూడా బూడిదరంగులో వస్తాడు. ఈ బూడిదరంగు కార్డు పక్కన పెట్టి మొదట ఒకటి తీస్తే, కంప్యూటర్లో రంగు సరిచేసుకోవచ్చు. లెన్సు ముందు ఈ గాజు బిగించండి, స్పిరిట్‌తో తుడిచినా లెన్సు పాడవదు."

"కెమెరాకు ఒక పొట్టి బెల్టు కూడా," అందామె. "దీనికున్న బెల్టు పొడుగు. వంగినప్పుడు ఒకసారి ఒకావిడ ముఖానికి తగిలింది."

ఆయన చేతికి తగిలించుకునే పట్టీ వెతికి తీసి, తనే కెమెరాకు బిగించి ఇచ్చాడు.

అన్నీ సమకూరాక మనసు కుదుటపడుతుందనుకుంది. పడలేదు. బేకరీ అతనికి చెప్పాలా వద్దా అన్నదే పురుగులా తొలిచింది. చెబితే తన మీదికి వస్తుంది. చెప్పకపోతే అతను బతికినంతకాలం తనను తాను తిట్టుకుంటూనే ఉంటాడు. చివరికి ఫోన్ చేసి పిలిపించింది. చెల్లెలి ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది.

"ఇద్దరూ ఒకరే. మా చెల్లెలు. నేను మరీ దగ్గర నుంచి తీయడం వల్ల ఇలా వచ్చింది. మీ తమ్ముడి ఫొటో కూడా ఇలాగే తీశాను. మీరు పోల్చుకోలేకపోవడం మీ తప్పు కాదు."

అతను చాలాసేపు రెండు ఫొటోలనూ చూశాడు. "అయితే నాది కాదు," అన్నాడు. మళ్లీ, "నాది కాదన్నమాట," అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆమె వైపు చూసిన చూపులో కృతజ్ఞత లేదు. "మరి మీకు ముందే తెలియదా? ఇదేగా మీ పని?"

"తెలియలేదండీ."

"వాడి ముఖం ఇంకోలా తీసినదేదైనా ఉందా?"

"లేదు."

అతను లేచి వెళ్లిపోయాడు. కేకలు వేసి ఉంటే బాగుండుననుకుందామె.

రెండుమూడు రోజుల తర్వాత అతను తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. చిన్న మనిషి. కొడుకు చెయ్యి పట్టుకోకుండా, గోడ పట్టుకుని నడిచింది. కొడుకు వివరంగా చెప్పే ఉన్నాడని ఆమె మాటల్లోనే తెలిసింది. "ఏదో కెమెరా తేడా అంటున్నాడమ్మా వీడు. ఎలా ఉంటే అలాగే చూపించు. వాణ్ని చివరిసారి చూసినట్టన్నా ఉంటుంది."

"అమ్మా, అందులో ముఖం సరిగ్గా లేదే. ఎవరూ పోల్చుకోలేరంట," అన్నాడు కొడుకు.

పాస్‌పోర్టు ఫొటో తెరిచింది. తెర మీద ముఖం పూర్తిగా రాకముందే ముసలామె అంది.

"వాడే."

ముసలామె వేలితో తెర మీది ముక్కును తాకింది. "జలుబు చేస్తే ఇలాగే ఉబ్బేది. పొద్దున్నే లేచేసరికి ఇంతైపోయేది."

కొడుకు తెర దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఇది తప్పు ఫొటో. మేడమ్ చెప్పింది."

"తప్పో ఒప్పో, నేను పోల్చుకున్నాను గదరా."

అతను పాస్‌పోర్టు వైపు చూశాడు. ఏదన్నా చెప్పమన్నట్టు చూశాడు. తల్లి తెర మీంచి చూపు తిప్పకుండానే మాట్లాడింది.

"వాడు కాకూడదు, కాకూడదు అనుకుంటూ చూశావు నువ్వు. ఆ రోజు నేనొచ్చినా అలాగే చూసేదాన్నేమో. ఆ భయానికే రాలేదు. నిన్నొక్కణ్నే తోలాను. తిట్టాలంటే నన్ను తిట్టుకో."

అతను బయటికి వెళ్లిపోయాడు. తల్లి మాత్రం కూర్చుని, వాణ్ని ఎక్కడ పూడ్చారని అడిగింది. అటెండరు మున్సిపాలిటీ మనిషితో ఫోన్లో మాట్లాడి, ఆ చోటు గుర్తులు చెప్పించాడు. కిటికీలోంచి చూస్తే కొడుకు వానలోనే నిలబడి ఉన్నాడు. తల్లి వెళ్లి అతని పక్కన నిలబడింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆటో వచ్చాక అతను ముందు ఆమెను ఎక్కించి, తను డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

పాస్‌పోర్టు ఆ తర్వాత ఉద్యోగం మానలేదు. పేరూ ఊరూ తెలియనివాళ్లెవరైనా కొత్తగా వస్తే స్ట్రెచర్‌ను గోడ నుంచి జరిపించి, స్టూలెక్కి, యాభై లెన్సుతో ఫొటో తీస్తుంది. ఫొటోలు ఇప్పుడు బాగా వస్తున్నాయని పెద్దడాక్టరు కూడా ఒకసారి అన్నాడు. వెతుక్కుంటూ వచ్చి, చూసి, కాదన్న ప్రతి ఒక్కరినీ ఇంకొక్కసారి చూడమని అడగడం ఆమెకు అలవాటైపోయింది. కొందరు విసుక్కున్నారు. కొందరు మళ్లీ చూశారు. చాలామంది అప్పుడు కూడా కాదనే అన్నారు. వాళ్లు నీళ్లు తాగి వెళ్లిపోయాక, ఆ మాట నమ్మాలో లేదో తెలియక ఆమె తెర ముందు అలాగే కూర్చునేది.