పుచ్చిన దూలం

నేను వడ్రంగిని. పేరు కోటయ్య. నలభై ఏళ్లు తెనాలిలో తలుపులూ ద్వారబంధాలూ చేసి బతికాను. కర్రను చూసి దాని ఆరోగ్యం చెప్పగలను గానీ, మనిషితో నాలుగు మాటలు నెమ్మదిగా మాట్లాడటం నా వల్ల కాదు. నోరు తెరిస్తే తగాదాయే. మా ఆవిడ బతికున్నన్నాళ్లూ ఇదే గొణిగేది.

2009 అక్టోబరులో అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి నీహారిక ఇంట్లో ఉన్నాను. అల్లుడు అమర్‌నాథ్ క్రైస్తవుడు, మందుల కంపెనీలో పని. వాళ్లకు అయిదు నెలల పాప, దేదీప్య. ఆ ఆదివారం పాపకు బాప్తిస్మం అన్నారు. పెళ్లప్పుడు నోరు మూసుకున్నాను, ఇప్పుడు కూడానా అనుకుని బుధవారమే మొదలుపెట్టాను. చన్నీళ్లు పోస్తే పిల్లకు జలుబు చేస్తుందన్నాను. గురువారం, రోజు మంచిది కాదన్నాను. శుక్రవారం అన్నం మానేశాను. అల్లుడు ఒక్క మాటా అనలేదు. అనకపోయేసరికి నాకు ఇంకా ఒళ్లు మండింది.

శనివారం ఏర్పాట్లు చూడటానికి చర్చికి వెళుతూ నన్నూ తీసుకెళ్లారు. ఎవరో డబ్బున్న దొర ఇంగ్లండులో పాడుబడిన పల్లెటూరి చర్చిని రాయీ రాయీ విప్పించి, ఓడలో తెప్పించి, ఇక్కడ మళ్లీ కట్టించాడట. ఆరువందల ఏళ్ల నాటిదట. గుమ్మం దాటి తల పైకెత్తానో లేదో, నా కోపం ఎటు పోయిందో పోయింది. పైకప్పంతా ఓకు కర్ర. ఒక్క ఇనప మేకు లేదు, అన్నీ కర్ర సీలలే. దూలాల కొసల్లో రెక్కలు చాచిన దేవదూతలు. ఎవడు చెక్కాడో గానీ వాడి చేతికి దణ్ణం పెట్టాలనిపించింది.

ఫాదర్ హోల్ట్ అని డెబ్బై దాటిన మనిషి, నా చెయ్యి పట్టుకుని అంతా తిప్పి చూపించాడు. నీహారిక తెలుగులో చెప్పింది. జనం కూర్చునే చోటికీ బలిపీఠానికీ మధ్య చెక్కుడుపని చేసిన కర్ర అడ్డుతెర ఉంది. దాని కింది పలకల మీద రంగుల్లో పునీతుల బొమ్మలు, ఒక్కరికీ ముఖం లేదు. ఇంగ్లండు పోపును కాదని మతం మార్చుకున్న రోజుల్లో ఆ ఊరివాళ్లే కత్తులతో గీకేశారట. బల్లల చివర చెక్కిన బొమ్మల్లో పంటినొప్పితో దవడ పట్టుకున్నవాడొకడు ఉన్నాడు. నేను ఫక్కున నవ్వాను, ఆయనా నవ్వాడు. ఒక అతుకు దగ్గర నా వేలు ఆగితే, ఆయన కూడా అక్కడే వేలు పెట్టి తలాడించాడు. ఆయన తాత కూడా వడ్రంగేనట. అమెరికా వచ్చాక నాతో కర్ర గురించి మాట్లాడినవాడు ఆయనొక్కడే.

వాకిలి దగ్గర బాప్తిస్మపు తొట్టి. ఎనిమిది పలకల రాయి, లోపల సీసం రేకు. దాని మీద నిలువెత్తు కర్ర మూత, గుడి గోపురంలా అంచెలంచెలుగా ఉంది. నలుగురు మోయాల్సిన బరువు. పై దూలంలోకి దిగేసిన కొక్కెం నుంచి గొలుసు వేలాడుతోంది. గోడ దగ్గర చక్రం తిప్పితే మూత పైకి లేస్తుంది. బాప్తిస్మం జరిగినంతసేపూ అది పాప నెత్తిమీదే ఉంటుంది.

తొట్టి అంచు మీద తెల్లటి మెత్తటి పొడి కనిపించింది. పొద్దున్నే తుడిచారట, మళ్లీ రాలింది. ఎప్పటిదో పొడైతే రంగు నల్లబడుతుంది. ఇది తాజాది. పైకి చూస్తే కొక్కెం చుట్టూ సన్నటి బెజ్జాలు. లోపల పురుగు ఇంకా కర్రను తొలుస్తోంది. వేలితో ఆ పొడి తీసి, జేబులో ఉన్న బిల్లు కాగితంలో పొట్లం కట్టాను.

కారు దగ్గర అల్లుడితో అన్నాను. "బాబూ, ఆ కొక్కెం ఉన్న దూలం పుచ్చిపోయింది. రేపు ఆ మూత ఎత్తనివ్వకండి."

అమర్‌నాథ్ తాళాలు చేత్తో పట్టుకుని ఆగాడు. "బుధవారం జలుబన్నారు. గురువారం డేట్ బాలేదన్నారు. ఇవాళ దూలమా? సమ్మర్‌లోనే ఇన్‌స్పెక్షన్ చేయించారు మామయ్యగారూ. ఇష్టం లేకపోతే స్ట్రెయిట్‌గా చెప్పండి. ఈ సాకులెందుకు?"

"నాన్నా, ప్లీజ్. రేపొక్కరోజు ఊరుకో," అంది నీహారిక.

పొట్లం జేబులోనే ఉంది. తీసి అతని అరచేతిలో పోస్తే సరిపోయేది. కానీ నన్ను పట్టుకుని సాకులంటాడా! నలభై ఏళ్ల పనివాడి మాట చాలదా, రుజువు కూడా కావాలా? "మీ ఇష్టం, చావండి," అని కారెక్కి కూర్చున్నాను. ఇంటికెళ్లాక నీహారిక కాఫీ తెచ్చి పక్కన కూర్చుంది. దానికీ చూపించలేదు. రేపు నేనే పాప పక్కన నిలబడతాను, నేనే చూసుకుంటాను అనుకున్నాను. ఎంత పొగరు నాకు!

ఆదివారం పదకొండింటికి మూత ఎత్తారు. నేను అల్లుణ్ణి తోసుకుని తొట్టి పక్కకు చేరాను. ఫాదర్ పాపను చేతుల్లోకి తీసుకుని, నన్ను చూసి చిన్నగా నవ్వాడు. నీళ్లలో చిటికెడు పొడి రాలింది. పైన కర్ర కిర్రుమంది. "ఓరి దేవుడో!" అని అరిచి పాపను లాక్కుని వెనక్కి పడ్డాను. పిల్లను ఎందుకు లాక్కున్నానో అర్థంకాక ఆయన చేతులు చాచి అక్కడే నిలబడ్డాడు. మూత ఆయన మీద పడింది. అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం పోయింది.

"మీరు చెప్పారు, నేనే వినలేదు," అని అమర్‌నాథ్ నన్ను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. మనవరాలిని కాపాడిన తాత అని పేపర్లో నా ఫొటో వేశారు. ఆ పేపరు మడిచి చెత్తబుట్టలో పడేశాను.

చర్చి మూసేశారు గనక ఫాదర్ అంత్యక్రియల ప్రార్థన పక్క హాల్లో జరిగింది. పాప నా భుజం మీద ఉంది. ఫాదర్ చెల్లెలు, చేతికర్రతో నడిచే ముసలావిడ, నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుని ఏదో అంది.

"ఏమంటోందమ్మా?" అని నీహారికను అడిగాను.

"నీకు థాంక్స్ చెబుతున్నారు నాన్నా. ఒక్క నిమిషం ముందు తెలిసుంటే తన అన్నయ్యను కూడా నువ్వు కాపాడేవాడివే, అది నీ తప్పు కాదు, బాధపడొద్దు అంటున్నారు."

ఇక నా వల్ల కాలేదు. జేబులోంచి పొట్లం తీసి నీహారిక చేతిలో పెట్టాను. "ఇది శనివారం తీసిందమ్మా. కోపంతో మీకు చూపించలేదు. ఆమెకు ఆ మాట చెప్పు."

నీహారిక పొట్లం విప్పి పొడి చూసింది. నా ముఖం చూసింది. నేను చెప్పమన్నది ముసలావిడకు చెప్పలేదు. పొట్లం మడిచి మళ్లీ నా జేబులో పెట్టి, పాపను నా భుజం మీది నుంచి తీసుకుని వెళ్లిపోయింది.