చెరిపినా పోని పేర్లు

తాహేరా టీ గ్లాసులు కడుగుతుంటే భర్త తాజుద్దీన్ మాటవరసకన్నట్టు అన్నాడు. "చెరిపేసినా పోదంట. కంప్యూటర్లు బాగుచేసే ఐలేశం చెప్పిండు. రేపు జుమ్మా నమాజ్ అయినంక వచ్చి కంప్యూటర్ల ఉన్నదంత పైకి తీస్తడంట."

"ఏం తీస్తడు?"

"విత్తనాల గోదాం మేనేజర్ అడుగుతుండు. ఆయన మీద ఎవరో ఆడోళ్లు అర్జీ రాయించిన్రంట, మన దుకాణంలనే. పేర్లు దొరికితే చాలంటుండు. మనకు పని ఇచ్చేటోడు, కాదంటమా?"

ఆమె కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

నకిరేకల్‌లో ఆ టైపింగు దుకాణం పెట్టి రెండేళ్లు. బోర్డు మీద పేరు తాజుద్దీన్‌ది. ఒక్క ఉత్తరం టైపు చేయడం కూడా అతనికి రాదు. పొద్దున్నే వంట చేసి, అత్త కాళ్లకు నూనె రాసి తాహేరా వచ్చి కూర్చుంటేనే అక్కడ పని నడిచేది. "బటన్లు నొక్కుడే గదా, నీకేం కష్టం?" అనేది అత్త. కిందటివారం గోదాంలో గింజలు ఏరే బాలనర్సమ్మ వచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, బస్తాల వెనక మేనేజర్ ఏం చేస్తాడో చెప్పింది. తాహేరా టైపు చేసిన అర్జీ మీద ఆమెతోపాటు మరో ముగ్గురు వేలిముద్రలు వేశారు. "సోమవారం కోర్టుల వేస్తడంట వకీలు. అప్పటిదాంక మా పేర్లు బయటికి రావొద్దు బిడ్డా, బతకనియ్యరు," అంది. తాహేరా అర్జీని ఫ్లాపీలోకి ఎక్కించి, కంప్యూటర్‌లోది చెరిపేసింది. అక్కడితో అయిపోయిందనుకుంది.

శుక్రవారం తాజుద్దీన్ మసీదుకు వెళ్లగానే కంప్యూటర్ ముందు కూర్చుంది. నల్లగొండలో కోర్సు చెప్పిన సారు మాట గుర్తొచ్చింది. చెరిపితే జాబితాలోంచి పేరే పోతుంది, రాత అక్కడే ఉంటుంది. దాని మీద ఇంకోటి రాస్తేనే అసలుది పోతుంది. పెళ్లిపత్రిక ఒకటి తెరిచి, దాన్నే మళ్లీ మళ్లీ కాపీ చేస్తూ పోయింది. కంప్యూటర్ గరగరలాడుతోంది. బయట ఏ స్కూటర్ ఆగినా అతనే వచ్చాడనుకుంది. చివరికి ఇక జాగా లేదని తెర మీద వచ్చింది. అప్పుడు ఆ పత్రికలన్నీ చెరిపేసింది. ఫ్లాపీకి సారు ఇచ్చిన ప్రోగ్రాంతో తాళం వేసింది. రహస్యపు మాట తెలియకుండా తెరిస్తే లోపల పిచ్చిగీతలే కనిపిస్తాయి.

నమాజ్ అయ్యాక వచ్చి ఐలేశం రెండు గంటలు వెతికాడు. "అన్నీ లగ్గం పత్రికలే అన్నా," అన్నాడు.

తాజుద్దీన్ ఆమె సంచీని బల్ల మీద బోర్లించాడు. ఫ్లాపీ బయటపడింది. ఐలేశం పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "పాస్‌వర్డ్ ఉందే."

"ఏందది?" తాజుద్దీన్ ఆమె మీదికి వంగాడు.

పెళ్లయి తొమ్మిదేళ్లు. అమ్మ రాసే ఉత్తరాలు అతను చింపి చదివాకే ఆమె చేతికొచ్చేవి. పుట్టింటి పెట్టె తాళంచెవి అత్త దగ్గరే ఉండేది. అతను తెరవలేనిది ఆమెకంటూ ఒక్కటీ లేకపోయింది, ఇవాళ్టిదాకా. మర్చిపోయానంటే ఒకటి రెండు దెబ్బలతో పోతుందేమో.

"యాదికుంది," అంది తాహేరా. "చెప్ప."